గురుప్రసాదుని రెండు సెల్లుల దండయాత్ర

ధన ఋణ ధ్రువద్వయ విరాజమానయు, అంగుష్ఠమాత్ర శరీరయు, రిమోటు గర్భమున నొకపరి గోడ గడియారపు వెన్నున నొకపరి వసించి, అక్కరపడిన ఘడియలోనే ప్రాణములు విడుచుటయందు నిరుపమాన నైపుణ్యము గలదియు నగు శ్రీ సెల్లుమాతకు సాగిలపడి మ్రొక్కి చెప్పునదేమనగా: పెన్నానది సంవత్సరమునకు పది మాసములు ఇసుక రూపమునను, తక్కిన రెండు మాసములు వార్తల రూపమునను ప్రవహించు కడప సీమయందు, రాష్ట్రము రెండు ముక్కలై పాత పేరు ఈ ముక్కకు దక్కిన రెండవ వత్సరమున, మార్గశిర మాసమున, ఒక శుక్రవారము నాడు, పులివెందుల పట్టణమందలి ఒకానొక ప్రభుత్వ కార్యాలయములో, సాయంత్రం నాలుగు గంటల యాభై అయిదు నిమిషాలకు, ఒక ప్లగ్గు ఊడి ఉండటం సీనియర్ అసిస్టెంటు గురుప్రసాద్ చూశాడు.

అది అల్లాటప్పా ప్లగ్గు కాదు. దాని చివర నాలుగు గదుల ఛార్జరు ఉంది. నాలుగు గదుల్లో నాలుగు రీఛార్జబుల్ సెల్లులు ఉన్నాయి. వాటి మీద స్కెచ్ పెన్నుతో ఒకటి నుంచి నాలుగు దాకా సీనియారిటీ నంబర్లు ఉన్నాయి. ప్రొద్దుటూరులో ఆయన కాపురముండే వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, సోమవారం దాకా కరెంటు రాదని తేలిపోవడంతో, ఆ చతుర్వీర సేనను టిఫిను డబ్బా పక్కన పెట్టుకుని బస్సెక్కించి, ఇన్వర్టరు ఉన్న ఆఫీసుకు తెచ్చి, దస్త్రాల బీరువా వెనక రహస్య శిబిరంలో విద్యుత్పానానికి కూర్చోబెట్టాడాయన. ఉదయం పది నుంచి అవి గటగటా తాగుతున్నాయనే ఆయన నమ్మకం. తీరా చూస్తే పదిన్నరకే ఎవరో వాటి నోటి దగ్గరి గిన్నె లాగేశారు. గోడకున్న ఆ ప్లగ్గు రంధ్రాల్లో ఇప్పుడొక ఫోను ఛార్జరు దర్జాగా కూర్చుని ఉంది.

“ఓరి విద్యుచ్చోరా, పరప్లగ్గు నిర్మూలన ధురంధరా, మరునాటి మహాసంగ్రామానికి సన్నద్ధమవుతున్న నా సైన్యాన్ని నిరాహారంగా మాడ్చిన నీచాధమా, నీ వంశంలో ఏ ఫోనూ నూరు శాతం నిండకుండు గాక” అని గురుప్రసాద్ మేఘగంభీర స్వరంతో మనసులో గర్జించాడు. నోటితో మాత్రం “ఇది పీకిందెవురప్పా?” అన్నాడు. సర్వీసు నిబంధనలు అంతవరకే ఒప్పుకుంటాయి.

“నేనే సార్” అన్నాడు పక్క సీటు జూనియర్ అసిస్టెంటు వెంకటసాయి, ఫైలులోంచి తలెత్తకుండా. “ఫోను చచ్చిపోతాంటే పెట్టుకుంటి. మీదాంట్లో ఎర్రలైటు ఎలుగుతాంటే, పని చేయట్లేదేమో అనుకున్నా.”

“ఎర్రలైటంటే ఎక్కుతాండాదని. నిండినంక పచ్చలైటు వస్తాది.”

“యాడైనా ఎర్రలైటంటే వద్దని కదా సార్” అన్నాడు వెంకటసాయి. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఎన్నో ఆడిట్ అభ్యంతరాలకు సమాధానం రాసిన గురుప్రసాద్ దీన్ని ‘తదుపరి పరిశీలనకు’ అని మనసులో పక్కన పెట్టాడు. ఆయన ఛార్జరు చుట్టి సంచిలో వేసుకుని, సంతకం పెట్టి, బస్టాండుకు నడిచాడు.

ఇంతకూ ఈ వీరుడెవరు, ఈ సెల్లుల గోల ఏమిటని శ్రోతలు అడగవచ్చు. అడగకపోయినా చెబుతాను.

గురుప్రసాద్ దగ్గర ఒక డిజిటల్ కెమెరా ఉంది. రజతవర్ణ దేహం, ముందుకు పొడుచుకొచ్చే ముక్కు, కడుపులో రెండు సెల్లులు. కొన్న ఏడు అది ప్రొద్దుటూరులో ఆ వీధి మొత్తానికీ ఏకైక కెమెరా. ఆ తర్వాత వీధిలో అందరికీ ఫోన్లొచ్చాయి, ఆ ఫోన్లకు కళ్ళొచ్చాయి. అయినా ఆయన మాత్రం తన కెమెరాను విడవలేదు. కెమెరాయే ఆయన్ను ముఖ్యమైన సమయాల్లో విడిచిపెట్టేది. తమ్ముడి పెళ్ళిలో జీలకర్ర బెల్లం దగ్గర అది కన్నుమూసింది. కూతురి ఓణీల పండగలో ఓణీ వేసే క్షణాన కన్నుమూసింది. గృహప్రవేశంలో ఆవు ముందు సగం లోపలికి వచ్చిన ఫోటో ఉంది. ఆవు వెనక సగం, సాక్ష్యాధారాల ప్రకారం, నేటికీ గడప బయటే ఉంది.

ఇంతటి పరాజయ పరంపర మరొకరికి జరిగుంటే కెమెరాను పాత సామాన్లవాడికి ఇచ్చేవారు. గురుప్రసాద్ అలా కాదు. ఆయన దోషం కెమెరాది కాదని, దాని ప్రాణశక్తిని దుబారా చేసే మానవజాతిదని నిర్ధారించి, బీరువా తలుపు లోపలి వైపు ఒక మెమో అతికించాడు. విషయం, సూచిక, క్రమసంఖ్యలతో సహా. తెరను ఎప్పుడూ వెలిగించరాదు, కన్ను పెట్టి చూసే చిన్న బెజ్జం ఉండగా ఆ వైభవం అనవసరం. సూర్యుడు ఉద్యోగంలో ఉన్నంత కాలం ఫ్లాష్ వాడరాదు. జూమ్ వాడరాదు, దగ్గరగా కావలసిన వారికి దేవుడు కాళ్ళిచ్చాడు. తీసిన ఫోటోను అక్కడికక్కడే చూడాలని ఉబలాటపడరాదు. కెమెరా చేసే కూతలన్నీ ఆపివేయడమైనది. చిట్టచివరిదీ, ఆయన మేధస్సుకు శిఖరప్రాయమైనదీ అయిన సూత్రం ఇది: ముందు నవ్వు, తర్వాత స్విచ్చు.

అంటే, నిలబడినవాళ్ళు నిలబడి, చెంగులు సర్దుకుని, నవ్వు మొగాన పూర్తిగా అమర్చుకుని, దాన్ని కదలకుండా పట్టుకున్నారని ఆయన స్వయంగా తనిఖీ చేసి సంతృప్తి చెందిన తర్వాతే కెమెరా ఆన్ అవుతుంది. తనిఖీకి రెండు మూడు నిమిషాలు పట్టేది. ఆలోపల నవ్వులు గడ్డకట్టేవి. ఆ ఆల్బమ్ తిరగేస్తే ఆయన బంధువర్గమంతా ఒకే పళ్ళ డాక్టరు ముందు వరసగా కూర్చున్నట్టు ఉంటుంది.

ఇదంతా ఇంటిల్లిపాదీ భరించారు. కానీ ఇప్పుడు వచ్చిన యుద్ధం వేరు.

జమ్మలమడుగులో గురుప్రసాద్ మేనత్త జయలక్ష్మమ్మ ఉంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. అక్కడి ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైంది. ఆధార్ కార్డు కోసం ప్రభుత్వం తీసుకున్నది తప్ప, పుట్టి బుద్ధెరిగి ఆమె ఫోటో అనేదే లేదు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు, ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళత్త చెప్పింది. జయలక్ష్మమ్మ నమ్మలేదు. వాదించడం దండగని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే అరవై ఏళ్ళ అలవాటైంది. బడి గ్రూపు ఫోటోలన్నిటిలోనూ ఆమె నిలబడాల్సిన చోట ఒక మనిషి పట్టేంత సందు కనిపిస్తుంది.

పోయిన నెల గురుప్రసాద్ చూడటానికి వెళితే, ఆమె చిక్కుడుకాయలు వలుస్తూ, వానాకాలం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

“నాది ఒక ఫోటో తీయప్పా. పోయినంక గోడకు ఏం తగిలిస్తారు, ఆధార్ కార్డా? దాంట్లో నన్ను చూస్తే నాకే భయమవుతాది.”

“ఆ మాటలెందుకు అత్తా.”

“ఇంగ తగ్గేదానికి ఆయుష్షు యాడుందిలే, ధైర్యంగా తీయి. గండికోటలో తీయి. పుట్టినప్పటినుంచి ఈడనే ఉండా, పది మైళ్ళు లేదు, ఒగసారన్నా చూడలేదు. ఒకటే తీయాల. రెండోది తీసినావంటే కెమెరా పెన్నాలో ఏస్తా. ఫోన్లో మాత్రం వద్దు. ఫోన్లో తీస్తే నేను ఇంటికొచ్చేలోగా ఊరంతా చూసేస్తాది. ఎదురింటామె జారిపడితే ఎవురో తీసి పంపినారంట, నలభై మంది దండాలు పెట్టినారు, ఒక్కరూ లేపలేదు.”

ఇక్కడ కథకుడు వెటకారం కొంచెం పక్కన పెట్టి ఒక మాట చెప్పాలి. గురుప్రసాద్ హైస్కూలు చదువు ఆమె ఇంట్లో ఉండి చదివాడు. భిన్నాలు రాక ఏడుస్తుంటే దోసెను ఎనిమిది ముక్కలు కోసి నేర్పింది ఆమె. ఆమెంటే ఆయనకు ప్రాణం. ఆమె పోయాక ఆ మొగం ఎట్లా ఉండేదో చెప్పుకోవడానికి తమ దగ్గర మాటలు తప్ప ఏమీ ఉండవన్న సంగతి ఆ రోజు చిక్కుడుకాయల ముందు కూర్చున్నప్పుడే మొదటిసారి తట్టింది. తట్టి భయం పుట్టింది. కాబట్టి ఇది కెమెరా పరువు ఒక్కటే కాదు.

భార్య కామాక్షి తన వంతు భేరి తాను మోగించింది. ఆమె కూడా టీచరే, బయాలజీ. “ఈసారి గాని అది చచ్చిందంటే అటక మీద పెట్టి నేనే తాళం ఏస్తా. దాని ప్రాణం కాపాడేదానికి పడే తిప్పల్లో సగం మా ప్రాణాలకు పడింటే, ఈపాటికి మేం గూడా ఫోటోల్లో మనుషుల మాదిరి ఉండేటోళ్ళం.”

అటువంటి యుద్ధానికి ముందు రోజు, అర్ధాహారంతో నీరసించిన సైన్యంతో, మన వీరుడు ప్రొద్దుటూరులో బస్సు దిగాడు.

బంగారు అంగళ్ళు బారులు తీరిన వీధి దాటి, ఆ బంగారానికీ తనకూ ఏ సంబంధమూ లేదన్నట్టు నడిచి, రహమాన్ వాచీల కొట్టు చేరాడు. రహమాన్ మీటరు పెట్టి నాలుగు సెల్లులూ నాడి చూశాడు.

“ఒకటి, మూడు పర్వాలేదు సార్, సగానికి తక్కువ ఉండాది. రెండు, నాలుగు ఇంగ లేవు. ఎంత ఎక్కించినా నిలబడదు. ఒకటి, మూడు ఈడ పెట్టిపోండి, తెల్లారేసరికి నింపి ఇస్తా.”

గురుప్రసాద్ కళ్ళ ముందు పులివెందుల ప్లగ్గు కదిలింది. పరుల గోడకున్న రంధ్రాన్ని నమ్మి ఒకసారి మోసపోయినవాడు, అదే రోజు రెండోసారి నమ్ముతాడా? “వద్దులే” అన్నాడు. “కొత్తవేమన్నా ఉండాయా?”

“కెమెరాకు నిలబడేవి అయిపాయ సార్. పక్క సందులో దొరుకుతాయి చూడండి. ఇవి గోడ గడియారానివి.”

గురుప్రసాద్ ఆ గడియారపు సెల్లుల జత చేతిలోకి తీసుకుని చూశాడు. ఎర్ర చొక్కా తొడుక్కున్న పొట్టి సైనికులు. ఆయన బుర్రలో ఇరవై ఏడేళ్ళ గుమాస్తా పాండిత్యం ఒక్కసారిగా మేల్కొంది. “గడియారంలో ఎంతకాలం వస్తాయి?”

“ఏడాది.”

“ఏడాది పొడుగునా రాత్రింబగళ్ళు, సెలవు పెట్టకుండా సర్వీసు చేసేది, ఒక్క నిమిషం కెమెరా నడపలేదా?”

రహమాన్ ఆయన వైపు జాలిగా చూశాడు. “గడియారం చుక్క చుక్క తాగుతాది సార్. కెమెరా బిందె ఎత్తి తాగుతాది.”

సీనియారిటీ ముందు ఇటువంటి సాంకేతిక అభ్యంతరాలు చెల్లవు. గురుప్రసాద్ గడియారపు సెల్లులే కొన్నాడు. పక్క సందు పది అడుగుల దూరంలో ఉంది. చరిత్రలో పెద్ద పెద్ద రాజ్యాలన్నీ అంతకంటే తక్కువ దూరం నడవక పోగొట్టుకున్నవే.

శనివారం ఉదయం మంచు పట్టి ఉంది. చలికి సెల్లుల బలం తగ్గుతుందని ఎక్కడో చదివిన గురుప్రసాద్, ఒకటో నంబరునూ మూడో నంబరునూ బనియను లోపలి జేబులో, సరిగ్గా గుండె మీద పెట్టుకున్నాడు. ఆ జేబు ఇందుకోసమే కుట్టించింది. కామాక్షి చూసింది. పెళ్ళైన పాతికేళ్ళలో ఆ చోటు తనదని ఆమె అనుకుంటూ వచ్చింది. కూతురు మేఘన ఇంజనీరింగు మూడో ఏడు, ఎలక్ట్రానిక్స్. అది నవ్వాపుకుని కారు తలుపు తీసింది. అద్దె కారు జమ్మలమడుగులో ఆగేసరికి జయలక్ష్మమ్మ నీలంరంగు వెంకటగిరి చీర కట్టుకుని, చేతికర్రతో గుమ్మంలో సిద్ధంగా ఉంది. ముందు సీట్లో కూర్చుని, “పాండి” అంది.

అటుపిమ్మట గండికోట. ఎర్రరాతి కోటగోడలు, వాటి నడుమ కాలిదోవ, దోవ చివర బండల మీద బండలు, ఆ బండలు ఉన్నట్టుండి ఆగిపోయిన చోట కింద పెన్న. ఎందరు రాజులు ఆ గోడల వెనక నిలిచి శత్రుసేనల రాక కోసం కళ్ళు చికిలించి చూశారో గాని, వాళ్ళలో ఒక్కడూ మన గురుప్రసాద్ అంత జాగ్రత్తగా గుండె మీద చెయ్యి వేసుకుని నడిచి ఉండడు. జయలక్ష్మమ్మ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో కామాక్షి భుజం పట్టుకుని, బండ బండకూ ఆగుతూ వచ్చింది. అంచుకు కొంచెం ఇవతల చదునైన రాయి చూసి కూర్చుంది.

ప్రధాన సైన్యాన్ని చివరి ఘట్టానికి దాచి, ముందుగా గడియారపు దళాన్ని రంగంలో దింపాలని గురుప్రసాద్ వ్యూహం. ఎర్రచొక్కా వీరులిద్దరినీ కెమెరా కడుపులో నింపి, మూత వేసి, స్విచ్చు నొక్కాడు. కెమెరా కిర్రుమంది. ముక్కు సగం బయటకు వచ్చింది. సగంలో ఆగింది. తెర మీద ఒక్క క్షణం ‘బ్యాటరీ మార్చండి’ అని ఇంగ్లీషులో వేడుకుని, ముక్కు అట్లాగే చాచి ఆరిపోయింది. ఏడాది పాటు నిర్విరామంగా సేవ చేయగల యోధులిద్దరూ నాలుగు సెకన్లలో వీరస్వర్గం అలంకరించారు.

“వాటికి సర్వీసు ఎక్కువైంది నాన్నా. రిటైర్ చేయి” అంది మేఘన.

గురుప్రసాద్ గుండెలోంచి ఒకటో నంబరునూ మూడో నంబరునూ తీశాడు. ఒంటి వేడికి గోరువెచ్చగా ఉన్నాయి. పెట్టాడు. కెమెరా లేచింది. లేచీ లేవగానే మూలన ఎర్రగా ఒక బ్యాటరీ బొమ్మ టపటప కొట్టుకుంది. అదేదో తన నాడే అన్నట్టు ఆయన స్విచ్చు ఆపేశాడు. సగానికి తక్కువ అని రహమాన్ అన్నది నిన్నటి సంగతి. రాత్రి తెల్లవార్లూ ఆ తక్కువలోనే ఇంకొంచెం తక్కువైనట్టుంది.

ఇంక ఆయన ఎరిగిన విద్యలన్నీ ఒకదాని తర్వాత ఒకటి బయటికి తీశాడు. రబ్బరుతో సెల్లుల తలలు రుద్దాడు. కెమెరా లోపలి రేకులు రుద్దాడు. అరచేతుల మధ్య పెట్టి లడ్డూలు చుట్టినట్టు దొర్లించాడు. స్థానాలు మార్చాడు. చివరకు మన దేశంలో రేడియో పుట్టిన నాటి నుంచీ తాత తండ్రుల ద్వారా సంక్రమించిన మహావిద్యను ఆశ్రయించి, రెండు సెల్లులనూ ఎండ తగిలే బండ మీద రుమాలు పరిచి ఆరబెట్టాడు. పక్కనే గొంతుక్కూర్చుని కాపలా కాశాడు. బెంగళూరు నుంచి వచ్చినట్టున్న కుర్రజంట అటు పోతూ ఆగింది.

“అంకుల్, ఏం అమ్ముతున్నారు?” అడిగిందా అమ్మాయి.

“ఎండిపోతానే చెప్తాడు, ఉండు తల్లీ” అంది కామాక్షి.

ఇరవై నిమిషాలకు ఆయన లేచి, సెల్లులు పెట్టి, మూత వేసి, అత్త ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఇదీ ఆఖరి పోరు. స్విచ్చు మీద వేలు పెట్టాడు. నొక్కలేదు.

“అత్తా, రవ్వంత నగు.”

“కెమెరా ఆన్ చేసినావా?”

“లేదు. నువ్వు నగినంక చేస్తా.”

“చేస్తే అది లేసేదానికి ఎంతసేపు?”

“ఆరు సెకన్లు.”

లెక్కల టీచరు లెక్క వేసింది. “ఆరు సెకన్లు ఒకటే నగు నగేదానికి నేనేమన్నా తిక్కదాన్నా? నీ పని నువ్వు చేసుకో, నా పని నేను చేసుకుంటా.” ఆమె ఆయన వైపునుంచి మొగం తిప్పి లోయ వైపు చూసింది.

అప్పటిదాకా బండలు చూసుకుంటూ నడిచింది గాని, ఆమె లోయను చూడటం అదే మొదలు. కింద ఎక్కడో పచ్చగా నీళ్ళు. ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా, పలకలు పేర్చినట్టు ఎర్రరాళ్ళు. ఆమె చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది.

“మీ మామను శానాసార్లు అడిగినా” అంది. “ఒక్క ఆదివారం తీసుకపో అని. ఆడేముందే, రాళ్ళు, నీళ్ళు అనేవాడు.” లోయను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. “నిజమే. రాళ్ళు, నీళ్ళే.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొగంలోకి ఏదో వచ్చింది. కోపం కాదు, దుఃఖం కాదు, మొగుడు చెప్పింది అక్షరాలా నిజమైనా ఎంత తప్పో ఇన్నాళ్ళకు తెలిసిన మనిషి మొగం. గురుప్రసాద్ స్విచ్చు నొక్కాడు. కెమెరా ఆవలించింది, ముక్కు చాచింది, కన్ను తెరిచింది. ఆరు సెకన్లు గడిచేసరికి ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. ఆయన చప్పున ఆపేశాడు. ఒక గద్ద లోయలో కిందికి, తమ కాళ్ళకంటే కిందికి ఎగురుతుంటే ఆమె చిన్నపిల్లలా మెడ చాచి చూసింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆరు సెకన్లు. గద్దా లేదు, ఆ చూపూ లేదు. ఆపేశాడు. మూడోసారి కూడా అంతే. ఎర్రబొమ్మ ఇప్పుడు వేగంగా కొట్టుకుంటోంది.

“నాన్నా” అంది మేఘన, మెల్లగా దగ్గరికొచ్చి. “ముక్కు బయటికొచ్చి లోపలికి పోయేదానికే సగం అయిపోతాంది. నువ్వు దాచిపెడతాండావనుకుంటాండావు, ఊరికే ఆన్ చేసి ఆఫ్ చేసేదానికి ఖర్చు పెడతాండావు. ఆన్‌లో పెట్టి గమ్మున కూచో.”

ఎలక్ట్రానిక్స్ చదివే పిల్ల చెప్పిన ఆ రెండు ముక్కలు, ఏళ్ళ తరబడి బీరువా తలుపు మీద వెలిగిన ధర్మశాస్త్రాన్ని నిలువునా చీల్చాయి.  పిమ్మట ఆ మహావీరుడు తన అంతరంగంలో కెమెరాను సంబోధిస్తూ ఇట్లా పలికాడు:

“ఓ రజతదేహమా, ఇంతకాలం నీ ప్రాణాన్ని కాపాడటానికి మా వాళ్ళ నవ్వులన్నీ బలిపెట్టాను. నీ కన్ను తెరవడానికి భయపడి, ఎదుట ఉన్నవాళ్ళు కళ్ళు ఆర్పకూడదన్నాను. నేటితో ఆ కాపలా చాలించాను. ఉన్నది ఎంతో తెలియదు. ఎంత ఉంటే అంతా మా అత్తది. తెరిచిన కన్ను మూయవద్దు. ఆమె తీరిక అయ్యేదాకా నీకూ నాకూ విశ్రాంతి లేదు.”

పైకి, “సరే” అన్నాడు.

స్విచ్చు నొక్కాడు. నిమిషానికోసారి తనంతట తాను నిద్రపోయే గుణాన్ని ఆపేశాడు. ఒక మోకాలు బండ మీద మోపి, ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆ చిన్న బెజ్జానికి ఆనించి, వేలు మీట మీద ఉంచి, కెమెరాను వృథాగా, విచ్చలవిడిగా, సిగ్గూ ఎగ్గూ లేకుండా వెలగనిచ్చాడు. సెకన్లు గడిచాయి. వాటిలో ప్రతి ఒక్కటీ ఆయన ఒంట్లోంచి రక్తం తీసినట్టే అనిపించింది. నవ్వమని అడగలేదు. అత్తా అని కూడా పిలవలేదు. ఊపిరి తీస్తే చెయ్యి కదులుతుందని ఊపిరి బిగబట్టాడు. గాలికి తెరిచిన కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. బండ రాయి మోకాలిచిప్పలోకి దిగుతోంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మధ్యలో ఊపిరి దొంగతనంగా ఒకసారి తీసుకుని మళ్ళీ బిగబట్టాడు.

నాలుగో నిమిషంలో జయలక్ష్మమ్మ, ఇంత నిశ్శబ్దం ఏమిటా అని తల తిప్పి చూసింది. ఎదురుగా మేనల్లుడు, యాభై రెండేళ్ళవాడు, బుగ్గలు పూరించి, మొగమంతా కందగడ్డ చేసుకుని, ఒంటికన్నుతో ఏడుస్తూ కనిపించాడు.

“ఏందప్పా ఇది” అంది. “నువ్వు ఊపిరి బిగబడితే అది బ్యాటరీలో మిగుల్తాదా?”

తన మాటకు తనకే నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు. తల వెనక్కి పోయింది, పైవరసలో లేని రెండు పళ్ళ సందూ బయటపడింది, చేతికర్ర జారి బండ మీద టంగుమంది. గురుప్రసాద్ మీట నొక్కాడు.

కెమెరా చిన్నగా ఒక చప్పుడు చేసింది. ముక్కు లోపలికి తీసుకోవడానికి కూడా ఓపిక లేక, చాచింది చాచినట్టే ఆరిపోయింది. ఒకటో నంబరూ మూడో నంబరూ తమ విధి ముగించుకుని నేలకొరిగాయి.

“అయిపాయనా?” అంది జయలక్ష్మమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

“అయిపాయ అత్తా.”

“నగమని చెప్పలేదే?”

“మరచిపోయినా.”

ఫోటో కార్డులోకి చేరిందో, చేరేలోపల ప్రాణం పోయిందో ఎవరికీ తెలియదు. చూద్దామంటే తెర వెలగదు. తిరుగు ప్రయాణమంతా గురుప్రసాద్ కెమెరాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.  మధ్యలో ఎక్కడో కామాక్షి ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది. అటక ప్రసక్తి రాకపోవడంతో ఆయనకు ఇంకా భయమేసింది.

ఆదివారం స్టూడియో మూసి ఉంది. సోమవారం ఆయన సగం రోజు సెలవు పెట్టి, స్టూడియో తలుపు తీయకముందే వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. స్టూడియో అతను కార్డు కంప్యూటరులో పెట్టాడు. తెర మీద పాత ఫోటోల దవడలన్నీ వరసగా వచ్చాయి. చివర ఒకటే కొత్త బొమ్మ. నీలం చీర, తెరిచిన నోరు, మూసుకుపోయిన కళ్ళు, వెనక లోయ కొంచెం వంకరగా. స్టూడియో అతను మౌసు మీద చెయ్యి పెట్టి, “కండ్లు మూసుకుందే సార్, వేరేది లేదా?” అన్నాడు.   గురుప్రసాద్ పెద్ద సైజు కావాలని చేతులతో చూపించాడు.

చట్రం కట్టించి జమ్మలమడుగు తీసుకుపోతే, జయలక్ష్మమ్మ దాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో తన నవ్వు తాను చూసుకోవడం అదే మొదటిసారి.

“దీన్ని పెడితే, నా దినానికి వచ్చినోళ్ళు గూడా నగుతారు కదప్పా.”

“వేరేది తీద్దామా అత్తా?”

“ఒకటే అన్నానా లేదా. నగనీలే” అంది. “అయినా నేను పోయినంక తగిలిస్తే నేనెట్ల చూసేది? ఆ సుత్తి అందుకో.”

నాటి నుంచి ఆ ఫోటో ముందుగది గోడ మీద ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే చెప్పులు విప్పి, గోడ మీద పెద్దావిడ ఫోటో చూసి, మొగం జాలిగా పెట్టి చేతులు జోడించబోతుంటే, లోపలినుంచి “బతికే ఉండా, రాండి” అని కేక వస్తుంది. చట్రం పైన దండ కోసం రెండో మేకు కూడా ఆమె ముందే కొట్టించింది. ప్రస్తుతానికి దానికి కూరగాయల సంచి తగిలిస్తోంది.

కావున ఓ జనులారా, పులివెందుల ప్లగ్గు ద్రోహమును సహించి, ప్రొద్దుటూరు మీటరు తీర్పును ధిక్కరించి, గడియార దళమును కోల్పోయి, తన శాసనమును తానే చించి, అర్ధప్రాణ సెల్లుద్వయముతో గండికోట శిలాగ్రమున నాలుగు నిమిషములు ఊపిరి బిగబట్టి, శ్రీ గురుప్రసాదుడు సాధించిన దిగ్విజయమెట్టిదనగా: ఫోటోలు, ఒకటి. అందులో కళ్ళు మూసుకున్నవారు, ఒకరు. నిజముగా నవ్వినవారు, ఆ ఒక్కరే.